బంగారుతల్లి పేరున

లక్ష్మీతులసి రేవుకు చేరేసరికి ఆమె భర్త గణపతిని ఐసు షెడ్డు ముందున్న ఇనుప స్తంభానికి లంగరు తాడుతో కట్టేశారు. గుంజుకున్నకొద్దీ బిగిసే ముడి అది; సముద్రం మీద బతికేవాళ్లు తప్ప అలా ఎవరూ కట్టలేరు. అతని ఎడమచెయ్యి మోచేతి దగ్గర ఎటు వంగకూడదో అటు వంగి వేలాడుతోంది. పైపెదవి చీలింది. కారిన నెత్తురు చొక్కాకు అతుక్కుని, ఎండకు అప్పుడే నల్లబడుతోంది.

ఎదురుగా తెడ్డు పట్టుకుని నిలబడ్డవాడు పెద్దిరాజు. రేవులో అందరికన్నా పేరున్న సరంగు. అతను చుక్కాని తిప్పిన వైపే తక్కిన పడవలూ తిరుగుతాయి. ఆ తెల్లవారుజామున అతని తమ్ముడు దుర్గారావు మునిగి చనిపోయాడు. శవం షెడ్డు అరుగు మీద, తడి టార్పాలిన్ కింద ఉంది. తల్లి అచ్చాయమ్మ కొడుకు పాదాలు ఒడిలో పెట్టుకుని, వేళ్ల సందుల్లో ఇరుక్కున్న ఇసుకను గోటితో తీస్తోంది. ఏడవడం లేదు.

"ఆఖరుసారి అడుగుతున్నాన్రా. ఫోన్లో వచ్చింది కదరా. ఆ దారి నువ్వు పంపలేదా?" అన్నాడు పెద్దిరాజు.

"పంపలేదు బావా. మా అమ్మ తోడు."

తెడ్డు లేచి అతని తొడ మీద పడింది. గణపతి అరవలేదు. ఊపిరి ఒక్కసారిగా బయటికి పోయిన శబ్దం మాత్రం వినిపించింది.

"పోయినావిడ మీద ఒట్టేంట్రా? బతికున్నోళ్ల మీద వెయ్యి!" అన్నారెవరో వెనకనుంచి. కొందరు నవ్వారు కూడా. శవం పక్కన ఉండగా నవ్వు వచ్చినందుకు ఎవరూ సిగ్గుపడలేదు. గుంపులో నిలబడ్డ మనిషి తన నవ్వుకు తాను పూచీ పడడు.

జరిగింది ఇది. గోదావరి సముద్రంలో కలిసే చోటును వాళ్లు మొగ అంటారు. అక్కడ ఇసుక ఒకచోట ఉండదు. నిన్న పడవ పోయిన చోట ఇవాళ దిబ్బ లేస్తుంది. అందుకని ముందు వెళ్లిన పడవ లోతున్న దారిని ఫోనులో గీతలా నమోదు చేసి, వెనక వచ్చే పడవలకు పంపుతుంది. మొగ దగ్గర సిగ్నల్ ఉండదు కాబట్టి, నెట్టు అవసరం లేకుండా దగ్గరలో ఉన్న ఫోను నుంచి ఫోనుకు నేరుగా ఫైళ్లు, సందేశాలు చేరవేసే యాప్ ఒకటి రేవంతా వాడుతోంది. నిజానికి ఆ యాప్ మొదట ప్రతిసారీ అడిగేది: ఫలానావారు పంపుతున్నారు, తీసుకోమంటారా అని. కానీ ఉప్పునీళ్లతో, చేప పొలుసుతో నిండిన వేళ్లు తాకితే ఆ అద్దం పలకదు. పడవ ఊగుతుంటే అవునో కాదో నొక్కే తీరికా ఉండదు. ఒకర్ని చూసి ఒకరు అందరూ ఆ ప్రశ్నను తీసేయించుకున్నారు. దగ్గరలో ఉన్నవారు ఎవరు ఏం పంపినా అడగకుండా తీసుకుని, తెర మీద తెరిచి చూపేలా పెట్టుకున్నారు.

ఇంకో పనీ చేశారు. ఎవరి ఫోనుకు వారు తమ పడవ పేరు పెట్టుకున్నారు. ఆ తీరంలో పడవ పేరంటే ఆషామాషీ కాదు. దీపం వెలిగించి, కొబ్బరికాయ కొట్టి, పడవ ముందుభాగమైన అణియం మీద రంగుతో రాయించిన పేరును మరో పడవకు పెట్టరు. చెక్క కుళ్లి పడవను తగలబెట్టినా ఆ పేరు జోలికి ఎవరూ పోరు. పోతే సముద్రం ఊరుకోదని వాళ్ల నమ్మకం. సముద్రానికి పేర్లు చదవడం రాదు గాని, మనుషులు భయపడతారు కాబట్టి ఆ కట్టుబాటు తరతరాలుగా చెక్క మీద చక్కగానే నిలిచింది. దాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి అద్దం మీద పెట్టడమే వాళ్లు చేసిన పొరపాటు. యాప్‌లో కనిపించే పేరు ఎవరు ఏది రాసుకుంటే అదే. అది నిజమా కాదా అని ఆ యాప్ ఎవరినీ అడగదు.

ఆ తెల్లవారుజామున దుర్గారావు నడిపే 'బంగారుతల్లి' మొగలోకి దిగగానే ఒక దారి వచ్చింది. పంపినవారి పేరు 'గంగాభవాని'. అది గణపతి పడవ. ఆ గీతను పట్టుకుని వెళ్లిన బంగారుతల్లి నేరుగా దిబ్బ ఎక్కింది. అడ్డంగా వచ్చిన కెరటం దాన్ని నడుముకు విరిచేసింది. తక్కినవాళ్లు ఈదుకొచ్చారు. దుర్గారావు వలలో చిక్కుకున్నాడు. ఫోను అతనితోనే మునిగింది. వెనక పడవల ఫోన్లలోకీ అదే దారి, అదే పేరుతో వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే వల వేసే చోటు గురించి గణపతి, దుర్గారావు కాలర్లు పట్టుకున్నారు. గుంపుకు ఇంకేం కావాలి?

"పెద్దిరాజు గారూ, ఒక్కమాట ఇనండి," అంటూ ముందుకు వచ్చాడు కిషోర్. పి.గన్నవరం నుంచి వచ్చి రేవు పక్కనే ఇంజన్లు బాగుచేసే షాపు పెట్టుకున్నవాడు. చేతులకు గ్రీజు అలాగే ఉంది. "గంగాభవాని ఇంజను ఇప్పి నా షాపులో పెట్టేనండి. ఆ పడవ ఒడ్డు మీదే ఉందండి. మొగలోకి ఎలా ఎల్లుద్దండి?"

"పడవ ఎల్లకపోతే ఫోను ఎల్లదా?"

"ఫోను ఇంట్లో ఉంది అన్నియ్యా, చార్జింగులో," అంది తులసి, గుంపును తోసుకుంటూ. "నేనే పెట్టేను. ఈయన నా పక్కనే పడుకున్నారు."

"మొగుడు పక్కలో ఉన్నాడని పెళ్లాం సాక్ష్యం!" అంది బేబి, చేపలబుట్ట మీద కూర్చున్నచోటు నుంచే. దుర్గారావుకు మేనకోడలి వరస. "కోర్టులో కూడా చెల్లదే తల్లీ అది."

పెద్దిరాజు నవ్వలేదు. "కిషోరూ, నువ్వు ఊరోడివి కాదు. నీ పని ఇంజను. పక్కకి తప్పుకో." తరువాత తనవాళ్లను చూసి మామూలు గొంతుతో, వల ఎక్కించమన్నంత మామూలుగా, అన్నాడు: "ఇప్పండ్రా. నా పడవలో పడెయ్యండి. తమ్ముణ్ణి మింగిన దిబ్బ మీదే గెడ పాతి కట్టేద్దాం. పోటు వచ్చినప్పుడు నీళ్లు ఎంతవరకు వస్తాయో ఈడే చూసుకుంటాడు."

నలుగురు ముందుకు వచ్చారు. ముడి విప్పడానికి విరిగిన చేతిని పక్కకు లాగారు. అప్పుడు అరిచాడు గణపతి. తులసి ఆ అరుపును మనిషి గొంతుగా గుర్తుపట్టలేకపోయింది.

పోటుకు ఇంక ఎంతోసేపు లేదని ఆ రేవులో అందరికీ తెలుసు.

"అన్నియ్యా, ఆ పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు!" తులసి పెద్దిరాజు చెయ్యి పట్టుకుంది. "కువైట్‌లో మేం పనిమనుషులం అందరం ఇదే యాప్‌లో పాటలు పంపుకునేవాళ్లం. మేడం చూస్తాదని వారానికో పేరు మార్చేవాళ్లం. ఓసారి నేను మేడం కొడుకు పేరే పెట్టుకున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. ఒట్టు!"

"కువైట్‌లో పెట్టుకుంటారేమోనే," అంది బేబి. "ఇక్కడ పడవ పేరు పక్కోడు పెట్టుకుంటాడా? చేతులు పడిపోవూ?"

"పెట్టుకుంటే ఏం అవ్వదే!"

పెద్దిరాజు ఆమె చెయ్యి విదిలించుకున్న ఊపుకు మోచెయ్యి ఆమె దవడకు తగిలింది. తులసి ఐసు ముక్కల మీద పడింది. నోట్లో ఉప్పగా తగిలింది. లేవకుండానే కొంగు చాటున ఫోను తీసింది. నోటితో చెబితే వినరు. చూపిస్తే తప్ప లాభం లేదు.

ఎవరి పేరు పెట్టాలి? రేవులో ఉన్న ఏ పడవ పేరు పెట్టినా ఆ పడవవాణ్ణి చంపేస్తారు. ఎవరూ కొట్టలేనివాడి పేరు ఒక్కటే ఉంది. ఆమె తన ఫోను పేరును 'బంగారుతల్లి' అని మార్చింది. యాప్ అభ్యంతరం చెప్పలేదు. కింద రెండు మాటలు కొట్టింది: గణపతి కాదు. చుట్టుపక్కల ఉన్న అందరికీ అని నొక్కింది.

రేవులో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. లుంగీ మడతల్లో, జేబుల్లో, చేపలబుట్టల మీద. గణపతిని కాళ్లు పట్టి ఎత్తుతున్నవాడు ఒక చేత్తో ఫోను తీసి చూశాడు. రెండో చెయ్యి కూడా వదిలేశాడు. గణపతి ఇసుకలో పడ్డాడు.

"బంగారుతల్లి," అన్నాడతను. "బంగారుతల్లి నుంచి వచ్చింది. గణపతి కాదు అని."

దుర్గారావు ఫోను మొగ అడుగున ఉందని తెలియనివాళ్లు అక్కడ లేరు. తులసి లేచి నిలబడింది. ఇప్పుడు చెప్పాలి. పంపింది నేను, చూశారా ఎంత తేలికో అని చెప్పడానికే పంపింది. నోరు తెరిచింది.

"నాన్నా," అంది అచ్చాయమ్మ. అంతవరకూ తలెత్తని మనిషి, ఎవరో తన ముందు పెట్టిన ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. "నా బాబు పంపేడు. గణపతి కాదంటున్నాడు. ఇప్పెయ్యండి, నాన్నా, ఇప్పెయ్యండి వాణ్ణి."

ఇద్దరు ముసలివాళ్లు చెంపలు వేసుకున్నారు. తాడు చివరి చుట్టు కూడా విప్పేశారు. బేబి చేతులు జోడించింది. తులసి తెరిచిన నోరు మూసుకుంది. నిజం చెబితే ఆ తాడు మళ్లీ బిగుస్తుంది. అబద్ధాన్ని రుజువు చేద్దామని పంపినదాన్ని వాళ్లు మహిమ చేసుకున్నారు. చేసుకుని, ఆమె అడిగినదే ఇచ్చారు. ఆమె పరుగున వెళ్లి భర్త తలను ఒళ్లోకి తీసుకుంది.

"నువ్వేనా?" అన్నాడు గణపతి, పెదవులు కదపకుండా.

"మాట్లాడకండి."

అప్పుడు అచ్చాయమ్మ, శవం వైపు కాక ఫోను వైపు చూస్తూ, అడగవలసిన ప్రశ్న అడిగింది.

"మరి ఎవరు నాన్నా?"

గుంపులో ప్రతి ఒక్కరూ తమ అరచేతిలోని అద్దంలోకి తల వంచారు. ఈ క్షణంలో తను ఏ పేరు కొడితే ఆ మనిషి చస్తాడని తులసికి తెలిసింది. ఆమె ఫోనును ఇసుకలో బోర్లా పెట్టింది.

ఫోన్లు మళ్లీ మోగాయి.

ఆమె ఫోను కూడా మోగింది. తిప్పి చూసింది. పంపినవారు: బంగారుతల్లి. మాట ఒక్కటే: కిషోర్.

ఆమె పంపలేదు. ఆ గుంపులోనే ఎవరో, అంతకుముందు ఆమె చెప్పినదాన్ని నమ్మిన ఒకే ఒక్కరు, చెప్పిన పద్ధతిలోనే చేసి చూశారు. దారి పంపినవాడే అయ్యుండొచ్చు, కిషోర్‌తో మరే తగువో ఉన్నవాడు అయ్యుండొచ్చు.

కిషోర్ కూడా తన ఫోనే చూస్తున్నాడు. పేరు చదువుకుని తల ఎత్తేలోపే మొదటి దెబ్బ పడింది. ఇనుప కొక్కెం, ఐసు దిమ్మలు లాగేది. భుజంలో దిగింది. "అయ్యో, నేను కాదండీ, ఆయ్, నా మాట—" అంటూ వెనక్కి నడిచి, వల మీద తట్టుకుని పడ్డాడు. ఆ తరువాత ఎవరు కొట్టారో చెప్పడం కష్టం. కాళ్లు తెలిశాయి, చేతులు తెలిశాయి, మొహాలు తెలియలేదు. గెడతో పొడిచారు. చేపలబుట్ట ఎత్తి మొహం మీద వేశారు. ఇందాక చెంపలు వేసుకున్న ముసలివాడు వంగి, గుప్పెడు ఇసుక తీసి అతని నోట్లో కూరాడు.

"అది నేను పంపలేదు!" తులసి గుంపులోకి దూరింది. "మొదటిదే నాది! రెండోది నాది కాదు! బంగారుతల్లి లేదు, ఏమీ లేదు, ఆ పేరు నేను కొట్టేను!"

"ఇందాక నోరెందుకు మూసుకున్నావే మరి?" అంది బేబి, ఆమె జుట్టు పట్టి వెనక్కి లాగుతూ. "నీ మొగుణ్ణి ఇప్పినప్పుడు బంగారుతల్లి పంపింది. పరాయోడి పేరు వచ్చేసరికి నువ్వు పంపేవా?"

ఆ మాట తప్పు కాదు.

పెద్దిరాజు తెడ్డును రెండు చేతులతో తల పైకి ఎత్తాడు. తెడ్డు దిగింది. ఎండుకొబ్బరి చిప్ప పగిలినట్టు చప్పుడైంది. కిషోర్ చెవిలోంచి సన్నగా నెత్తురు వచ్చి గ్రీజులో కలిసింది. తెడ్డు మళ్లీ లేచింది.

తులసి జుట్టు బేబి చేతిలో ఉండగానే ఫోను కళ్ల ముందుకు తెచ్చుకుంది. చెప్పడం అయింది, చూపించడం అయింది. నమ్మేవాణ్ణి నమ్మకంతోనే ఆపాలి. పేరు మార్చనక్కర్లేదు, అది ఇంకా బంగారుతల్లే. ఒక్క మాట కొట్టింది.

ఫోన్లు మూడోసారి మోగాయి.

తెడ్డు ఎత్తిన మనిషి జేబులో కూడా మోగింది. కానీ అతను తీయలేదు. తీసి చూసినవాళ్లు ఒక్కొక్కరే వెనక్కి జరిగారు. కిషోర్ చుట్టూ ఉన్న వలయం విడిపోయి, మెల్లగా పెద్దిరాజు చుట్టూ చేరింది. కొక్కెం పట్టుకున్నవాడు దాన్ని ఒక చేతిలోంచి మరో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఏంట్రా? ఏం వచ్చింది?" అన్నాడు పెద్దిరాజు.

అతను తెడ్డు దించి, ఎర్రబడిన వేళ్లతో ఫోను తీశాడు. తడికి తెర పలకలేదు. పలకవలసిన అవసరమూ లేదు, అది అడగకుండానే తెరుచుకుంది. పంపినవారు: బంగారుతల్లి. మాట ఒక్కటే: పెద్దిరాజు.

తన పేరును అతను చాలాసేపు చదివాడు.

"ఇది... ఇది అబద్ధం," అన్నాడు. "నేనేంట్రా? నా తమ్ముణ్ణి నేనేంట్రా?"

"నిజవేనేంట్రా పెద్దోడా?"

అచ్చాయమ్మ గొంతు. కొడుకు పాదాలు ఇంకా ఆమె ఒళ్లోనే ఉన్నాయి.

"అమ్మా! నేను కాదమ్మా."

"మొగలో చోటు కోసం నువ్వూ వాడూ తగువులాడేరు కదరా, పోయినేడు."

"అమ్మా, నేను కాదు!"

"ఫోన్లో వచ్చింది కదరా," అంది ఆమె. కోపం లేదు. తెలుసుకోవాలని అడుగుతోంది, అంతే. గణపతి తొడ మీద తెడ్డు పడేముందు పెద్దిరాజు అన్నదీ ఇదే మాట.

ఆ రేవులో అంతమంది ఉండగా, ఫోనులో వచ్చినది అబద్ధమని అనుమానం లేకుండా తెలిసినవాడు ఆ క్షణంలో అతనొక్కడే. చేయలేదని తనకు తెలుసు కాబట్టి తెలిసింది. మరో దారిన అయితే అతనికి ఎప్పటికీ తెలిసేది కాదు. చూపు అమ్మ మీదనుంచి గణపతి మీదకు, గణపతి మీదనుంచి కిషోర్ మీదకు వెళ్లి, అక్కడే ఆగిపోయింది. తెడ్డు చేతిలోంచి జారింది.

తులసి బేబి పట్టు విడిపించుకుని అతని ముందుకు వచ్చింది. ఈసారి కొంగు చాటు లేదు. అందరూ చూస్తుండగా ఫోను పేరు చెరిపి 'బేబి' అని రాసింది. పంపింది. ఫోన్లు మోగాయి. చెరిపి 'అచ్చాయమ్మ' అని రాసింది. ఫోన్లు మోగాయి.

"చూసేవా అన్నియ్యా? నీ పేరు పంపింది నేను. ఈయన్ని ఇప్పించిందీ నేనే. కిషోర్ గారి పేరు మాత్రం నేను కాదు."

"మరి ఎవరు?"

"నీ ఎనకాల ఉన్నారు. అడుగు."

పెద్దిరాజు వెనక్కి తిరిగాడు. అతను తిరుగుతుంటే ఆ వైపు ఉన్న చేతులు జేబుల్లోకి పోయాయి. ఫోన్లు లుంగీ మడతల్లోకి, బుట్టల కిందకు, రవికల్లోకి పోయాయి. దాచుకున్నవాళ్లందరూ తప్పు చేసినవాళ్లు కారు. కొక్కెం ఇసుకలో పడి ఉంది, ఎవరిదీ కానట్టు.

"అంబులెన్సుకి ఎవరైనా ఫోన్ చెయ్యండి," అంది తులసి. ఒక్క ఫోనూ బయటికి రాలేదు. ఆమే చేసింది. రాజోలు నుంచి రావాలన్నారు. దారి ఎక్కడని అడిగితే రేవు పేరు చెప్పి, ఐసు షెడ్డు గుర్తు చెప్పింది. తరువాత కిషోర్ పక్కన మోకాళ్ల మీద కూర్చుని, అతని నోట్లోని ఇసుకను వేలితో తీయసాగింది. గణపతి విరిగిన చేతిని కడుపుకు అదుముకుని, పాకుతున్నట్టుగా వచ్చి, మంచి చేత్తో కిషోర్ ముక్కు దగ్గర పట్టి చూశాడు. మళ్లీ పెట్టాడు. ఆ చేతిని అక్కడినుంచి తీయలేదు.

పెద్దిరాజు ఒడ్డున కూలబడి, చేతులను తడి ఇసుకలో రుద్దుతున్నాడు.

"అమ్మా తులసీ," అని పిలిచింది అచ్చాయమ్మ. ఎవరి ఫోనో ఇంకా ఆమె చేతిలోనే ఉంది. తెర ఆరిపోయింది, దాన్ని ముందుకు చాపింది. "నాకు చదవడం రాదు కదే. బాబు ఇంకేవైనా అన్నాడేమో, కాస్త చూసి చెప్పవే."